పేరు లేని నమూనా

వకుళకు నలభై తొమ్మిదేళ్ళుగా ఒక సందేహం ఉంది. పొద్దున్నే దేవుడి ముందు దీపం పెట్టేటప్పుడు గుర్తొచ్చేది, వత్తి అంటుకోగానే మరుపున పడేది. తొమ్మిదో ఏట తనకు కామెర్లు తగ్గింది ఆదెమ్మ మందు వల్లనా, లేక తగ్గే రోజు వచ్చి అవే తగ్గాయా? ఈ మాట ఎవరినైనా అడగాలంటే ముందు ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ మందు ఆమె తాగలేదు.

అది రెండువేల ముప్పై అయిదు. వకుళ తండ్రి సాలూరు అవతల కొండల్లో వెదుళ్ళవలస అనే ఊళ్ళో బడిపంతులు. పిల్లకు కళ్ళు పచ్చబడితే తల్లి ఆదివారం పూట ఆదెమ్మ ఇంటికి తీసుకుపోయింది. ఆదెమ్మ చుట్టుపక్కల ఏడు ఊళ్ళకు కామెర్ల మందు ఇచ్చే ముసలమ్మ. డబ్బు ముట్టేది కాదు. ఆమె పద్ధతులు ఆమెవి. తోడొచ్చినవాళ్ళు గుమ్మం బయటే ఆగాలి. రోగి చేతికి కొబ్బరిచిప్పలో ఆకుపసరు ఇచ్చి, మందు తాగేవాళ్ళను చూస్తే దిష్టి తగులుతుందని ఆదెమ్మ గోడకేసి తిరిగి కూర్చునేది. ఆ పసరు ఎంత చేదంటే నాలుక మీద పడగానే చెవులు గింగురుమనేవి. వకుళ నోటినిండా పోసుకుని, పిల్లిలా పెరట్లోకి నడిచి, గోడ మీద ఉమ్మేసి, వెనక్కి వచ్చి, తాగేశాను అంది.

అప్పుడు ఆదెమ్మ ఇటు తిరిగి, చేదు పోవడానికని ఇంత బెల్లంముక్క చేతిలో పెట్టింది. నమలొద్దు, చప్పరించు, కరిగేదాకా మంచినీళ్ళు తాగొద్దు అని చెప్పి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. ఆఖరి పలుకు కరిగేదాకా లేవలేదు. ఇలా మూడు ఆదివారాలు జరిగింది. మూడుసార్లూ పసరు గోడ మీదకే పోయింది. నాలుగో వారానికి వకుళ కళ్ళు తెల్లగా అయ్యాయి.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. నయమైనవాళ్ళు ఒక బెల్లంముక్క తెచ్చి తమ చేత్తోనే ఆదెమ్మ చేతిలో పెట్టి, మందు పట్టింది అని చెప్పాలి. ఆ బెల్లమే మళ్ళీ తర్వాత వచ్చేవాళ్ళ నోరు తీపి చేసేది. తల్లి బెల్లం పొట్లం కట్టి ఇచ్చింది. వకుళ వెళ్ళలేదు. ఒక అబద్ధం ఆడడమే ఎక్కువనుకుంటే, దాని మీద రెండోది ఎలా ఆడడం? రేపు, ఎల్లుండి అంటూ ఉండగానే తండ్రికి బదిలీ అయింది. మరో పదేళ్ళకు ఆదెమ్మ పోయిందని తెలిసింది. పొట్లంలోని బెల్లం ఏమైందో గుర్తులేదు. బాకీ మాత్రం గుర్తుంది.

ఇప్పుడు రెండువేల ఎనభై నాలుగు. విశాఖలో పూర్ణామార్కెట్‌కు వెళ్ళి ఏ కషాయం పొడి కొన్నా, పొట్లం మీద ఆకుపచ్చ చుక్కో బూడిదరంగు చుక్కో ఉంటుంది. ఆకుపచ్చ అయితే పలక అనే పరీక్షాయంత్రం ఒప్పుకున్నట్టు. బూడిదరంగు అయితే ఖాళీ, అందులో మందు గుణం లేనట్టు. కొత్త అల్లుడి గురించి చెప్పుకునేటప్పుడు కూడా ఆడవాళ్ళు, మాటలు బాగానే ఉన్నాయి గానీ పలక ఒప్పుకుందా అని నవ్వుకుంటారు. ఈ పలకను తయారుచేసిన నలుగురిలో వకుళ ఒకతె.

దాని అసలు పేరు స్పర్శఫలకం. తులసాకంత బంగారు రేకు, దాని మీద మనిషి ఒంట్లో ఉండే పన్నెండు వందల రకాల ప్రోటీన్లు చుక్కలు చుక్కలుగా అతికించి ఉంటాయి. పాత రోజుల్లో ఒక మందు అణువు ఏ ప్రోటీనును పట్టుకుంటుందో తెలియాలంటే, ఆ అణువుకు మెరిసే రంగు పదార్థం ఒకటి గుర్తుగా తగిలించేవారు. ఆ గుర్తు బరువుకు అణువు నడకే మారిపోయేది. పలకకు ఆ గుర్తులేవీ అక్కర్లేదు. మొదటిసారి చూడవచ్చిన బడిపిల్లలకు వకుళ ఎప్పుడూ ఒకే మాట చెప్పేది: పిట్ట వాలితే కొమ్మ వంగుతుంది. పిట్టకు రంగు పూయడమెందుకు, కొమ్మ వంపు చూస్తే చాలదా? బంగారు రేకు అడుగున కాంతి పడి తిరిగొస్తూ ఉంటుంది. పైన ప్రోటీను మీద ఏదైనా వాలితే ఆ కాంతి తిరిగొచ్చే కోణం రవ్వంత మారుతుంది. ఆ మార్పే తెర మీద గీతై పైకి లేస్తుంది. తర్వాత ఉప్పునీటితో కడుగుతారు. ఊరికే వచ్చి తగిలినది కొట్టుకుపోతుంది, గీత దిగిపోతుంది. నిజంగా పట్టుకున్నది వదలదు, గీత నిలబడుతుంది.

మంచి యంత్రమే. కానీ మూలికా పరీక్షా మండలి వచ్చాక దాని మాటే తీర్పయిపోయింది. ఖాళీ అని తేలిన మందు ఇచ్చేవాళ్ళకు అనుమతి పోతుంది, మూలికలు పెంచుకోవడానికి వాళ్ళకు కొండ మీద ఇచ్చిన మందుమడి పోతుంది. మోసగాళ్ళు చాలామంది ఇలాగే పోయారు. వకుళ దానికి సంతోషించింది కూడా.

ఆ బుధవారం మండలి పరీక్షాశాలలో తన బల్ల మీదకు వచ్చిన దస్త్రంలో ఊరి పేరును ఆమె రెండోసారి చదివింది. వెదుళ్ళవలస. కామెర్ల పసరు. ఇస్తున్నవారు పైడమ్మ, ఆదెమ్మ మనవరాలు.

వకుళ ఆ రోజు ఒకసారి, గురువారం రెండుసార్లు పసరును పలక మీద నడిపించింది. కాలేయానికి సంబంధించిన మూడు వందల చుక్కల మీదా, మిగిలిన తొమ్మిది వందల మీదా గీత నేలకు అతుక్కునే ఉంది. పలకకు మాట్లాడే గొంతు ఉంది. నాలుగేళ్ళ కిందట పెట్టారు. అది ప్రతిసారీ ఒకే మాట చెప్పింది: "ఏదీ వాలలేదు."

మండలి కార్యదర్శి కోదండపాణి ఫోన్ చేసి శుక్రవారం సాయంత్రానికి నివేదిక కావాలన్నాడు. ఖాళీ అయితే ఖాళీ అని రాసెయ్యమనీ, ఇందులో ఆలోచించడానికేముందనీ అన్నాడు. ఆయన తప్పు మనిషి కాడు. పరీక్షకు నిలబడనిది పోవాలి, అంతే.

నలభై తొమ్మిదేళ్ళ సందేహానికి జవాబు దొరికినట్టే. మందులో ఏమీ లేదు. తను ఉమ్మినా ఒకటే, మింగినా ఒకటే. అలా తేలితే మనసు తేలికపడాలి కదా. పడలేదు. శుక్రవారం పొద్దున దీపం పెడుతూ వకుళ, ఆ ముసలమ్మ అబద్ధం ఆడిందని నా చేత్తో రాయించకు స్వామీ, నేను ఆడింది చాలదా అనుకుంది. అనుకున్నాక, దేవుణ్ణి అడగాల్సింది ఇదేనా అని మళ్ళీ తనకే అనుమానం వచ్చింది.

ఫలితం రాసేముందు మందు ఇచ్చేవాళ్ళ మాట వినాలన్నది మండలి నియమం. పదిన్నరకు పైడమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి, ముక్కుకు రెండు వైపులా పుడకలు, చేతిలో గుడ్డసంచి. కాళ్ళు కడుక్కునే చోటు ఎక్కడని కాపలా మనిషిని అడిగి, కడుక్కుని మరీ లోపలికి వచ్చింది. వెదుళ్ళవలస పంతులుగారి అమ్మాయినని వకుళ చెప్పగానే ఆమె ముఖం విప్పారింది. ఆ పక్క అక్కను అప్ప అంటారు. అంతవరకు మేడమ్ అన్న మనిషి ఆ క్షణం నుంచి అప్పా అనడం మొదలుపెట్టింది.

వకుళ తెర చూపించి, పిట్ట సంగతి, కొమ్మ సంగతి చెప్పింది. మూడుసార్లు నడిపినా గీత లేవలేదని చెప్పింది. పైడమ్మ చాలాసేపు ఆ చదునైన గీతను చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"అయితే మా నాయనమ్మ ఇన్నాళ్ళూ ఉత్త ఆకునీళ్ళు పోసిందంటావా అప్పా?"

పైడమ్మ తనకు మడి పోవడం కంటే ఆ మాట ఊళ్ళో ఎలా చెప్పాలన్నదే బెంగగా ఉందంది. మొన్న వానాకాలం ఏడు ఊళ్ళ నుంచి నలభైమంది పిల్లలు వచ్చారట. ఆసుపత్రికి పొమ్మని తనే చెబుతుందట, అక్కడికీ పోతారట, ఇక్కడికీ వస్తారట. అందరూ తిరిగి బడికి పోయారు. ఉత్తదే అయితే వాళ్ళంతా ఎలా లేచారు?

"నేనూ లేచాను," అంది వకుళ. "తాగకుండానే."

ఎందుకన్నదో ఆమెకే తెలియదు. ఒకసారి నోట్లోంచి వచ్చాక ఆపడం కుదరలేదు. గోడ మీద ఉమ్మడం, తాగేశానని చెప్పడం, మూడు ఆదివారాలు, తిరిగి ఇవ్వని బెల్లంముక్క, అన్నీ చెప్పేసింది. కట్టుకున్న భర్తకు కూడా చెప్పని మాట. పైడమ్మ కోప్పడుతుందని తల వంచుకుని కూర్చుంది.

పైడమ్మ నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరేలా నవ్వింది.

"ఓసి నా తల్లే, ఇదా? ఉమ్మకుండా తాగిన పిల్ల మా ఊళ్ళో ఎవతి ఉందప్పా? నేనూ ఉమ్మాను. మా పెరటి గోడ ఏ కాలంలో చూసినా పచ్చగానే ఉండేది. నాచు అనుకునీవోళ్ళు సూసినోళ్ళు."

వకుళ తలెత్తింది. అందరూ ఉమ్మారు. అందరూ లేచారు. అంటే మందు పని చేసిందా లేదా అన్న ప్రశ్నే తప్పు. ఆ గదిలో పిల్లల కడుపులోకి పోయిందేమిటి? ఇన్నేళ్ళూ తను ఉమ్మినదాన్ని గురించే ఆలోచించింది. మింగినదాన్ని గురించి ఒక్కనాడూ ఆలోచించలేదు.

"మరి బెల్లం?" అంది.

"బెల్లం ఎవలు ఉమ్ముతారప్పా?" అంది పైడమ్మ.

మండలి పత్రం వకుళ ముందే ఉంది. మందు అనే చోట పసరు అని రాసి ఉంది. అనుపానం అనే చోట బెల్లం అని ఉంది. తేనె, పాలు, నెయ్యి, బెల్లం లాంటివి మందు తోడు వెళ్ళేవి, వాటిని పరీక్షించనక్కర్లేదని నియమం. ఆ నియమం రాసిన సంఘంలో వకుళ కూడా ఉంది. మందు పంపమంటే పైడమ్మ మందే పంపింది. బెల్లం మందు కాదు కదా.

ఇప్పుడు ఆ బెల్లం తన దగ్గర ఉందా అని అడిగితే, పైడమ్మ గుడ్డసంచిలోంచి ఆకులో చుట్టిన ముద్ద తీసింది. అంత దూరం వస్తూ ఉత్తచేతులతో ఎలా వస్తానంది. నల్లగా, జిగటగా ఉందది. వకుళ గోరంత ముక్క తుంచి నీళ్ళలో కరిగించి, వడగట్టి, పలక ముందుకు తెచ్చింది.

"నమూనా పేరు?" అంది పలక.

"పేరు లేదు."

"అక్కర్లేదు. పేరు మీ పుస్తకానికే కావాలి, నాకు ఎప్పుడూ అక్కర్లేదు."

గీత ఒక్కసారిగా నిటారుగా లేచింది. పైడమ్మ వకుళ చెయ్యి పట్టుకుంది. వకుళ మాత్రం సంబరపడలేదు. చక్కెర నీళ్ళు చిక్కగా ఉంటాయి కాబట్టి ఏ తీపి నీళ్ళు పోసినా గీత లేస్తుంది. అది పిట్ట వాలడం కాదు, గాలికి కొమ్మ ఊగడం. కడిగితే పోతుంది. ఆమె ఉప్పునీరు వదలమంది. గీత దిగడం మొదలైంది. సగానికి వచ్చింది. ఇంకా దిగింది. పైడమ్మ కళ్ళు మూసుకుని పైడితల్లి అమ్మవారిని తలుచుకుంటోంది. వకుళ పెదాలు కూడా కదులుతున్నాయి.

గీత ఆగింది. అడుగున కాదు, అడుగుకు పైన. అలాగే నిలబడింది. అయిదు నిమిషాలు, పది నిమిషాలు కడిగినా కదల్లేదు.

"పన్నెండు వందల్లో ఒక్క చుక్క మీద వాలింది," అంది పలక. "కాలేయంలో వాపును రగిలించే ప్రోటీను మీద. పట్టుకుంది, వదలడం లేదు. ఇది ఏమిటో నా జాబితాలో లేదు."

మార్కెట్ బెల్లం తెప్పించి నడిపితే గీత లేచి, కడగగానే పూర్తిగా దిగిపోయింది. అప్పుడు వకుళ కుర్చీ దగ్గరకు లాక్కుని, ఈ బెల్లంలో ఏం కలుపుతావని అడిగింది. ఏమీ కలపనంది పైడమ్మ. జనం తెచ్చి ఇచ్చిన ముక్కలన్నీ కరగబెట్టి, చీమల దుంప గంధం తీసి వేసి మళ్ళీ ముద్ద చేస్తుంది, అంతే. ఆ దుంప వేస్తే బెల్లానికి చీమలు పట్టవు. అందుకే దానికి ఆ పేరు. నాయనమ్మ నేర్పిన పనే.

"నాయనమ్మ ఇంకేమైనా చెప్పిందా? గుర్తు తెచ్చుకో."

పైడమ్మ ఆలోచించింది. "సిన్నప్పుడు నవ్వొచ్చీది అప్పా. మందాకు దొరక్కపోతే ఏపాకైనా నూరెయ్యి, పరవాలేదు అనీది. దుంప లేకుండా మాత్రం బెల్లం వండకు, సీమలు సెడ్డవే అనీది. ఒక్క ఏడు దుంప దొరక్కపోతే నెల్లాళ్ళు మందే ఇయ్యలేదు. సీమలకి అంత భయమేటని మేం..."

అని, ఆ మాట మధ్యలోనే ఆగిపోయింది. ఇద్దరి చూపూ ఆకులోని బెల్లం ముద్ద మీద పడింది.

"నాకు కూడా సెప్పలేదు," అంది పైడమ్మ. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వుతోంది. "దొంగ ముసల్ది."

మరి చేదు పసరు ఎందుకు పెట్టినట్టు అని వకుళ పైకే అంది. పైడమ్మకు అది ప్రశ్నలాగే అనిపించలేదు. బెల్లంముక్క చేతిలో పెట్టి, ఇదే మందు, తీసుకుపో అంటే ఏ తల్లి నమ్ముతుంది? నోరు చేదైతేనే మందు అనుకుంటారు. బిడ్డ ముఖం వికారంగా పెడితేనే గుమ్మం బయట ఉన్న తల్లికి గుండె కుదుటపడుతుంది. నిజమే కదా అనుకుంది వకుళ. తను మాత్రం? వ్రతకథ అయిదు అధ్యాయాలూ భక్తిగా కూర్చుని విన్నా, చిన్నప్పుడు చెయ్యి చాచింది ప్రసాదానికే. దేవుడికీ ఆదెమ్మకూ ఈ కిటుకు ముందే తెలుసు కాబోలు. బంగారు రేకుకు ఏ గుర్తూ అక్కర్లేదు. మనుషులకే కావాలి, అది కూడా చేదుగా ఉండాలి.

ఇంకొకటి కూడా అప్పుడే తెలిసింది. ఆదెమ్మ గోడకేసి తిరిగింది దిష్టికి భయపడి కాదు. పిల్లలు సిగ్గుపడకుండా ఉమ్ముకోవడానికి వీలిచ్చింది.

నివేదిక మిగిలింది. పైడమ్మ భయం పైడమ్మది. బెల్లమే మందని ఊళ్ళో చాటితే, ఆ మాట పిల్లల చెవిన పడ్డ మర్నాడే బెల్లం కూడా గోడ మీద ఉంటుందంది. నిజం దాచడం ఇక ఆమె వల్ల కాదు. చివరికి శాస్త్రజ్ఞులు చదివే పుటల్లో ఉన్నది ఉన్నట్టు రాసింది: పసరు ఖాళీ, దుంప కలిసిన బెల్లం ఒక ప్రోటీనును పట్టుకుంది, పట్టుకోవడం వేరు, నయం చెయ్యడం వేరు, కనుక ఆసుపత్రిలో పరీక్షలు జరగాలి, అప్పటిదాకా అనుమతీ మడీ తియ్యకూడదు. అనుపానాలను పరీక్షించనక్కర్లేదన్న నియమం తప్పనీ, ఆ తప్పులో తన సంతకం కూడా ఉందనీ రాసింది. ఇంతకు ముందు ఖాళీ అన్న మందులన్నిటినీ వాటి తోడు వెళ్ళినవాటితో సహా మళ్ళీ చూడమంది. ఇక జనం చూసే చోట ఉండేది ఒక్క చుక్కే కదా. కామెర్ల మందు అన్న పేరు పక్కన ఆకుపచ్చ చుక్క పెట్టింది. అది దేనికి పడిందో ఆ చుక్క చెప్పదు. ఇది కూడా గోడకేసి తిరిగి కూర్చోవడమే అవుతుందా? అవుతుందేమో. ఆదెమ్మకు పట్టని పాపం తనకూ పట్టదులే అనుకుంది.

కోదండపాణి అంతా చదివి ఫోన్ చేశాడు. మందు బెల్లంలో ఉంటుందని ఆయన కూడా అనుకోనేలేదట. చిన్నప్పుడు వాళ్ళ అమ్మమ్మ తాగించిన కషాయమూ అంతే చేదుగా ఉండేదట. వెంట ఏం పెట్టేదని వకుళ అడిగితే, తేనె అన్నాడు. ఆ మాట అనీ అనగానే, ఖాళీ అని కొట్టేసిన ఆ కషాయం దస్త్రం మళ్ళీ బయటకు తీయిస్తానన్నాడు.

ఆదివారం వకుళ వెదుళ్ళవలస వెళ్ళింది. రైలు ఇప్పుడు సాలూరు దాటి కొండ కింద దాకా పోతోంది. పైడమ్మ గుమ్మం బయట ఒక తల్లి, లోపల ఏడెనిమిదేళ్ళ పిల్ల. పైడమ్మ గోడకేసి తిరిగి కూర్చుని ఉంది. ఆ పిల్ల నోరు ఉబ్బించుకుని పెరట్లోకి వెళ్ళి, తేలిక పడిన ముఖంతో వచ్చి, తాగేశాను అంది. అలాగా, మంచిదానివి అని పైడమ్మ బెల్లం చేతిలో పెట్టి, గడ్డం కింద చెయ్యి ఆనించుకుని ఎదురుగా కూర్చుంది. ఆఖరి పలుకు కరిగేదాకా వకుళ కూడా గుమ్మంలో నిలబడింది.

వాళ్ళు వెళ్ళాక ఆమె చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. చేతిసంచిలోంచి పొట్లం విప్పి, అనకాపల్లి బెల్లంముక్క తీసి, పైడమ్మ అరచేతిలో పెట్టింది.

"మందు పట్టింది."

పైడమ్మ ఆ ముక్కను కళ్ళకద్దుకుని, లేచి, పొయ్యి మీద కరుగుతున్న బెల్లంలో వేసింది.